నవ్వాలా, పరిగెత్తాలా? ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టా ఊళ్ళలో చంటిపిల్లల్ని పెంచేవాళ్ళు నవ్వు ఆపుకుంటూ అడిగే ప్రశ్నలివి. ఏడాది నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లలు చేసే వింత పనుల్లో చాలావాటి వెనక వాళ్ళ లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క మనకు అందితే ఏం చెయ్యాలో సగం తెలిసినట్టే. నీళ్ళు, గొంతు, ముక్కు, ఈ మూడింటి జోలికి వెళ్ళిన పని అయితే మాత్రం ముందు పరిగెత్తండి, తరవాత నవ్వుకోవచ్చు.

మా రెండేళ్ళ పాప వాళ్ళ నాన్నని "ఏమండీ" అని పిలుస్తోంది. వాళ్ళ మామ్మని "అత్తయ్యగాలూ" అంటోంది. మానిపించడం ఎలా?

పాప తప్పేమీ చెయ్యలేదు. ఆ మనిషిని ఇంట్లో ఏమని పిలుస్తుంటే అదే ఆయన పేరనుకుంది. రోజుకి యాభైసార్లు అమ్మ నోట "ఏమండీ" వింటే, "నాన్న" అన్న మాట నాలుగుసార్లే వింటే, పాప దేన్ని పట్టుకుంటుందో చెప్పక్కర్లేదు. మాట దిద్దబోకండి, పిలుపు మార్చండి. రెండు మూడు వారాలపాటు పాప వినేలా ఇంట్లో అందరూ ఆయన్ని "నాన్న" అనే అనాలి. "నాన్న వచ్చారు", "నాన్నకి మంచినీళ్ళు ఇవ్వు", "నాన్నా, పాప పిలుస్తోంది చూడండి". మామ్మ విషయంలోనూ ఇంతే. చుట్టాలొచ్చినప్పుడల్లా "మళ్ళీ అనమ్మా" అని చెప్పించుకుని నవ్వితే మాత్రం ఆ పిలుపు ఇంకో ఏడాది ఉంటుంది.

తండ్రి తల్లిని "ఒసేయ్" అని పిలిచే ఇంట్లో పిల్లవాడు కూడా తల్లిని అలాగే పిలుస్తాడు. అక్కడ మార్చుకోవాల్సింది తండ్రి నోరు. వాణ్ణి కొట్టి ప్రయోజనం లేదు.

మావాడు చేతులు చాపి "ఎత్తుకుంటాను, ఎత్తుకుంటాను" అని ఏడుస్తాడు. "బువ్వ తిన్నావా?" అంటే "తిన్నావు" అంటాడు. మాటల్లో ఏమైనా లోపమా?

లోపం కాదు. తెలుగులో ఎవరు చేశారన్నది క్రియ తోకలో ఉంటుంది: తిన్నాను, తిన్నావు, తిన్నాడు. వాడి గురించి వాడు వినేది ఎప్పుడూ "తిన్నావు" అనే. మనం చేతులు చాపి "రా, ఎత్తుకుంటాను" అంటాం కాబట్టి, చంకెక్కడానికి ఆ మాటే మంత్రమని వాడి నమ్మకం. మామూలుగా మూడేళ్ళు వచ్చేసరికి ఈ తోకలు సర్దుకుంటాయి.

"అలా కాదు, తప్పు" అనకండి. వాడి తరఫున సరైన మాట మీరే అనేసి పని చెయ్యండి: "అమ్మా ఎత్తుకో!" అంటూనే ఎత్తుకోండి. "తిన్నావా" సంగతికి పెద్దవాళ్ళిద్దరు కావాలి. ఒకరు అడగాలి, పక్కనున్నవాళ్ళు వాడి చెవి దగ్గర "తిన్నాను" అనాలి. "రైలు"ని "లైలు" అనడం, "గోదారి"ని "గోదాలి" అనడం కూడా ఈ వయసు ముచ్చటే. ణ, ళ ఇంకా ఆలస్యంగా వస్తాయి. పెద్దవాళ్ళు ముద్దుకొద్దీ "లైలు వచ్చింది" అనకుండా "రైలు" అనే అంటే చాలు.

రెండేళ్ళు నిండినా "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపకపోయినా, వెనకనుంచి పిలిస్తే తిరగకపోయినా చెవి, ముక్కు, గొంతు డాక్టరు చేత వినికిడి పరీక్ష చేయించండి. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి మాటలు" అని కూర్చోకూడదు.

టీవీ రిమోటు చెవి దగ్గర పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుతుంది. ఆపాలా?

ఎందుకు ఆపడం? దగ్గర కూర్చుని వినండి. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని "ఆయ్... ఆయ్... అలాగేనండి... ఉంటానండి" అంటూ మధ్యలో ఆగుతుంది, అవతలివాళ్ళకి వంతు ఇస్తుంది. సంభాషణ అంటే వంతులని ఆ పిల్లకి తెలిసిపోయింది. రిమోటు వెనక బ్యాటరీ మూతకి మాత్రం టేపు చుట్టండి. గుండీలాంటి చిన్న బ్యాటరీ ఉన్న రిమోటైతే అసలు చేతికివ్వొద్దు. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలడం మొదలవుతుంది. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తోంది. మువ్వల పట్టీలు వేస్తే పనికొస్తాయా?

బాగా పనికొస్తాయి. పెద్దవాళ్ళు మగపిల్లలకి కూడా మువ్వలు కట్టింది అందుకే. వంటింట్లో ఉండగానే పిల్ల ఏ గదిలో ఉందో తెలుస్తుంది. పట్టీకి, కాలికి మధ్య మీ చిటికెన వేలు దూరాలి, అంతకంటే వదులైతే దేనికైనా తగులుకుంటుంది. వారానికోసారి ఒక్కో మువ్వనీ గోటితో లాగి చూడండి. ఊగుతున్న మువ్వని కంసాలి దగ్గర బిగించేదాకా పట్టీ వెయ్యొద్దు. ఊడిన మువ్వ వెళ్ళేది నోట్లోకే.

చప్పుడు ఆగిపోతే వెతికే వరస ఇది: ముందు నీళ్ళున్న చోట్లు (స్నానాల గది, గాబు, నుయ్యి, వీధి గుమ్మం), తరవాత మెట్లు, ఆ తరవాతే బియ్యం డబ్బా, పౌడరు డబ్బా. చాలాసార్లు పిల్ల దొరికేది పౌడరు డబ్బా దగ్గరే. కానీ వెతకడం మాత్రం నీళ్ళ దగ్గరే మొదలవ్వాలి.

పౌడరంతా పోసుకుంది, కుంకుమ పూసుకుంది, గోడంతా గీసింది. శుభ్రం చేసేదెలా?

పౌడరు మీద నీళ్ళు పోస్తే జిడ్డుముద్దయి, గచ్చు మీద కాలు జారుతుంది. ముందు ఫ్యాను ఆపండి. పిల్లని పక్కకి తీసి ముఖం తడిగుడ్డతో తుడవండి. నేలని పొడిగుడ్డతో ఎత్తాక తడిగుడ్డ పెట్టండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం మంచిది కాదు. దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా డాక్టరుకి చూపించాలి. కుంకుమ, కాటుక, లిప్‌స్టిక్ అయితే పొడిగుడ్డతో దులిపి, నాలుగు చుక్కల కొబ్బరినూనె రాసి తుడిచి, ఆ తరవాత సెనగపిండితో కడగండి. ముందే నీళ్ళు తగిలితే కుంకుమ రంగు రెండు రోజులుంటుంది.

గోడ సంగతి గోడని బట్టి ఉంటుంది. ప్లాస్టిక్ పెయింటు మీద మైనపు రంగుల గీతలకి తెల్లని టూత్‌పేస్టు తడిగుడ్డ మీద వేసి గుండ్రంగా రుద్దితే పోతాయి. బాల్‌పెన్ను గీతకి దూది మీద శానిటైజర్ పనిచేస్తుంది, ముందు ఒక మూల రాసి చూసుకోండి. సున్నం కొట్టిన గోడని మాత్రం తడపకండి. గీత ఇంకా పాకుతుంది. పొడి కాగితంతో గీకి మళ్ళీ ఓ చెయ్యి సున్నం వెయ్యడమే.

ఈ వయసులో వేళ్ళకి పట్టు తక్కువ, భుజం నుంచి గీస్తారు. అందుకే నిలువుగా ఉన్న గోడ వాళ్ళకి వాటం. పిల్ల ఎత్తులో ఒక పెద్ద చార్టు కాగితం అంటించండి. లేదా వాకిట్లో గచ్చు మీద సుద్దముక్క ఇచ్చి "నీ ముగ్గు ఇది" అని చోటు చూపించండి. ధనుర్మాసంలో అమ్మ ముగ్గు పక్కనే పిల్ల ముగ్గు అంటే గోడ జోలికి రావడం చాలా తగ్గుతుంది.

స్నానం కాగానే బట్టల్లేకుండా వీధిలోకి పారిపోతాడు. పట్టుకోలేకపోతున్నాం.

నలుగు పెట్టిన రోజు మరీ కష్టం. ఒళ్ళంతా నూనె, చేతికి చిక్కడు. తడిసి, చల్లగాలి తగిలి, బట్టల బిగింపు లేకపోయేసరికి పిల్లలకి ఒక్కసారిగా హుషారొస్తుంది. అందులోనూ మీరు వెంటపడితే వాడికది ఆట. కాబట్టి వెంటపడకండి. స్నానానికి ముందే తువ్వాలు, బట్టలు చేతికందేలా పెట్టుకోండి. లాల పోసిన చోటే తల, వీపు, అరికాళ్ళు, ఈ వరసలో తుడవండి. అరికాళ్ళు తుడవడం మరిచిపోతేనే గుమ్మం దగ్గర జారిపడతారు. గుమ్మంలో మడత పెట్టిన గోనెసంచి వెయ్యండి. అప్పుడు "పరిగెత్తు, మంచం దాకా" అని మీరే చెప్పండి. పరుగు ఎలాగూ ఆగదు, దాని దారి మార్చడం మీ చేతిలో ఉంది.

ఇంటిముందు పంటకాలువ. చెప్పులు, గరిటెలు కాలువలో పడేసి "టాటా" చెబుతున్నాడు!

చెప్పు తేలుతుంది, గరిటె మునుగుతుంది. ఈ తేడా చూడ్డమే వాడికి పండగ. ఆ పరీక్షని ఇంట్లోకి మార్చండి. వెడల్పాటి బేసినులో రెండు అంగుళాల నీళ్ళు, ఒక కొబ్బరిచిప్ప, కొబ్బరాకు పడవ, చెంచా, చింతగింజ బదులు పెద్ద గులకరాయి. పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గర కూర్చోవాలి. ఫోను పక్కన పెట్టాలి. ఆట అయిపోగానే నీళ్ళు పారబోసి బేసిను బోర్లించాలి.

కాలువ విషయంలో ఏ మాత్రం సర్దుకోవద్దు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ ప్రాంతంలో నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. అన్నం పెట్టేవీ అవే, పిల్లలున్న ఇంటికి భయమూ అవే. మునిగే పిల్లవాడు సినిమాలోలా కేకలు వెయ్యడు, చప్పుడు లేకుండా పోతాడు. వీధి గేటు గడియ నాలుగడుగుల పైన, బయటి వైపుకి ఉండాలి. నూతి మీద ఇనప వల, గాబు మీద బరువైన మూత ఉండాలి. రాత్రి బకెట్లన్నీ ఖాళీ చేసి పడుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేశాక కూడా అడుగున గుంటలు మిగులుతాయి. ఎండిందనుకుని వదలకండి. చేపల చెరువు గట్టు మీదకి ఐదేళ్ళలోపు పిల్లని చెయ్యి పట్టుకోకుండా తీసుకెళ్ళొద్దు.

వాడపల్లిలో మొక్కు తీర్చుకుని నాన్న గుండుతో వచ్చారు. పది నెలల పాప చూసి కెవ్వుమంది, దగ్గరికి రావడం లేదు.

చిన్నపిల్లలకి మనిషి ఆనవాలు పట్టడంలో జుట్టు అంచు, తల ఆకారం పెద్ద గుర్తులు. అవి మారిపోయాయి. పైగా ఎనిమిది నెలల దగ్గర్నుంచి కొత్తవాళ్ళంటే బెరుకు మొదలవుతుంది. గొంతు మాత్రం మారలేదు, దాన్నే వాడుకోండి. నాన్న పక్కగదిలోంచి రోజూ మాట్లాడే మాటలే మాట్లాడాలి. తరవాత తలకి కండువా చుట్టుకుని, పాప అమ్మ చంకలో ఉండగా కాస్త దూరంగా కూర్చోవాలి. తనంతట తను చెయ్యి చాపితే కండువా తీసి గుండు నిమరనివ్వాలి. చాలామంది పిల్లలు ఒకట్రెండు రోజుల్లో దాని మీద తబలా వాయిస్తారు. ఏడుస్తుంటే బలవంతంగా చేతిలో పెట్టడం ఒక్కటే చెయ్యకూడని పని.

భోగిపళ్ళు పోస్తుంటే తల మీదవి తీసుకుని తినేస్తున్నాడు. పోయొచ్చా?

నిక్షేపంగా పోయండి. కాకపోతే ఏం కలుపుతున్నారో చూసుకోండి. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, చిల్లర, నానబెట్టిన సెనగలు, బంతిపూల రేకులు మామూలుగా కలుపుతారు. వీటిలో మూడేళ్ళలోపు పిల్లకి పూలరేకులు తప్ప అన్నీ గొంతుకి అడ్డం పడేవే. రేకులు ముప్పావు వంతు వెయ్యండి. రేగిపళ్ళు పెద్దవి ఒక పది చాలు. నాణేలు లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తియ్యండి: పదకొండు వేస్తే పదకొండూ చేతికి రావాలి. సెనగలు వాయనంలోనే ఉంచండి. కింద పెద్ద దుప్పటి పరిస్తే పేరంటం అవ్వగానే నాలుగు మూలలూ ఎత్తెయ్యొచ్చు. పోసేవాళ్ళు ఎందరున్నా పిల్లవాడి నోటి మీద కన్ను ఉంచే పని ఒకరికి అప్పగించండి. ఫొటో తీసేవాళ్ళు ఆ మనిషి కాకూడదు.

గొంతుకి అడ్డం పడి దగ్గలేక, ఏడవలేక పోతుంటే ముందుకి వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే, ఏడాది దాటిన పిల్లకైతే, వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఏడాది లోపు పిల్లకి పొట్ట నొక్కకూడదు, వెల్లకిలా పెట్టి ఛాతీ మధ్య రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కాలి. వచ్చేదాకా చరచడం, నొక్కడం మార్చి మార్చి చెయ్యండి. 108కి ఇంకొకరు ఫోను చెయ్యాలి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి తిప్పొద్దు, ఇంకా లోపలికి వెళ్తుంది.

ముక్కులో సెనగ పెట్టుకుంది. చీదమంటే పీలుస్తోంది!

చీదడం మూడు నాలుగేళ్ళకిగానీ రాదు. చీదమంటే పీల్చడం మామూలే, అందుకే చీదమనకండి. పట్టకారు, పిన్నీసు, వేలు ఏదీ పెట్టకండి. నీళ్ళు పొయ్యకండి, సెనగ ఉబ్బుతుంది. డాక్టర్లు చెప్పే పద్ధతి ఒకటుంది. "ముద్దు పెడతాను" అని చెప్పి, పిల్ల నోటి మీద మీ నోరు గాలి పోకుండా ఆనించండి. ఖాళీగా ఉన్న ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, ఒక్కసారి చిన్నగా, వడిగా ఊదండి. సెనగ మీ బుగ్గ మీద పడొచ్చు. రెండుసార్లకి రాకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. గుండీ బ్యాటరీ, అయస్కాంతం అయితే ఇవేవీ వద్దు, ఆ నిమిషమే బయల్దేరండి. ఎవరూ చూడకుండా పెట్టుకున్నదైతే నాలుగు రోజులకి ఒక్క పక్కనుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంది. అది జలుబు కాదు.

కొబ్బరిబొండాంలో స్ట్రా పెడితే తాగకుండా ఊదుతాడు. పూతరేకు పెడితే తుమ్ముతాడు.

ఊదితే బుడబుడమంటుంది, పీలిస్తే ఏ చప్పుడూ లేదు. వాడి దృష్టిలో ఊదడమే లాభం. స్ట్రాని నాలుగు అంగుళాలకి కత్తిరించి, కొద్ది నీళ్ళు గ్లాసులో పోసి నేర్పండి. నీళ్ళు త్వరగా నోటికి చేరితే పీల్చడం పట్టుబడుతుంది. బొండాం డొక్క పసరు బట్టల మీద పడితే వెంటనే చన్నీళ్ళలో జాడించండి, ఆరితే గోధుమరంగు మరక ఇక పోదు.

ఆత్రేయపురం పూతరేకు పొర కాగితంలా అంగిలికి అతుక్కుంటుంది. లోపలి బెల్లంపొడి ఊపిరి పీల్చగానే గొంతులోకి వెళ్తుంది. అందుకే దగ్గు, తుమ్ము, ముఖమంతా పొడి. చిన్న ముక్క తుంచి పాలలో ముంచి పెడితే హాయిగా తింటారు. తాటిముంజ నునుపు, జారి గొంతులో పడుతుంది. తొక్క తీసి నాలుగు ముక్కలు చేసి పెట్టండి. లోపలి నీళ్ళు ముఖాన చిమ్మితే పిల్లలు పడే ఆనందం చూడాలంటే ఒక కాయ పెద్దవాళ్ళ చేతిలో పట్టుకుని నొక్కండి.

అక్షరాభ్యాసం రోజున బలపం రాయడానికిస్తే కొరికి మింగాడు.

ఒక్కసారైతే నవ్వి ఊరుకోండి, ఇంకో బలపం తెండి. రెండేళ్ళు దాటాక కూడా నెల పైగా బలపం, సున్నం, మట్టి ఏరుకుని తింటుంటే రక్తంలో ఇనుము తక్కువేమో చూపించాలి. మట్టి తింటే నులిపురుగులూ పడతాయి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మానకుండా వేయించండి. ఏడాది నుంచి రెండేళ్ళ వరకు సగం, ఆ పైన ఒకటి, పొడి చేసి నీళ్ళలో కలిపి ఇవ్వాలి.

"మీరొస్తే పాలు విరిగిపోయాయని చెప్పమంది అమ్మ" అనేసింది చుట్టాల ముందు. తల ఎక్కడ పెట్టుకోవాలి?

కాఫీ పెట్టి ఇవ్వండి, అంతకంటే దారి లేదు. తనకి తెలిసింది ఎదుటివాళ్ళకి తెలియకుండా ఉంచొచ్చన్న ఊహ పిల్లలకి నాలుగేళ్ళ ప్రాంతంలో గానీ రాదు. "ఇది చెప్పకు" అనడమంటే బాగా గుర్తుపెట్టుకోమనడమే. చుట్టాలు వెళ్ళాక కొట్టడం అన్యాయం, నిజం చెప్పినందుకు దెబ్బ పడ్డట్టవుతుంది. ఈ వయసులో రహస్యాలు దాచడం అసలు నేర్పించకూడదన్నది మా గట్టి అభిప్రాయం. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేసి "ఎవరికీ చెప్పకు" అన్నా ఆ పిల్ల అమ్మ దగ్గర ఇలాగే కక్కెయ్యాలి.

నర్సాపురం రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కిన దగ్గర్నుంచి సఖినేటిపల్లి చేరేదాకా "ఎందుకు?" ఆగదు.

మూడేళ్ళవాడి "ఎందుకు"కి కారణమే కావాలని లేదు. చాలాసార్లు "ఇంకా మాట్లాడు" అని దాని అర్థం. తెలిసింది చిన్నగా, నిజంగా చెప్పండి. గోదారి ఎక్కడ పుట్టింది? నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. ఎంత దూరం నడిచింది? 1465 కిలోమీటర్లు. ఇదెవరు? గోదారి పాయ వశిష్ఠ, అంతర్వేదిలో సముద్రంలో కలుస్తుంది. నీళ్ళు టీలా ఎందుకున్నాయి? పైన వానలు పడితే మట్టి కొట్టుకొస్తుంది, దాన్ని ఎర్రనీరు అంటారు. నాలుగో "ఎందుకు"కి "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. "గోదారికి దాహమేసింది" లాంటి జవాబు వస్తుంది. ఒక పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టుకోండి, మరిచిపోతారు.

పెళ్ళిలో తాళి కట్టే సమయానికి "అమ్మా, ఒంటికి!" అని అరిచాడు.

చెప్పాడు, సంతోషించండి. రెండేళ్ళవాడు ఆపుకోగలిగేది రెండు మూడు నిమిషాలు. బయల్దేరే ముందొకసారి, మేళం మొదలవగానే ఒకసారి మీరే తీసుకెళ్ళండి. రెండు జతల లాగులు, ఒక ప్లాస్టిక్ సంచి వెంట ఉంచుకోండి. గట్టిగా అరవకుండా ఉండాలంటే చిటికెన వేలు చూపించే గుర్తు ఇంట్లోనే అలవాటు చెయ్యండి.

పడుకోబెడితే నీళ్ళు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ మామ్మ...

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మధ్యాహ్నం నాలుగు దాటి పడుకుంటే రాత్రి ఈ నాటకం ఖాయం. దీపం తీసే ముందే నీళ్ళు, ఒంటికి, మామ్మకి ముద్దు అన్నీ కానిచ్చి, ఆ తరవాత ఒకే ఒక్క కోరిక తీర్చండి. రెండోది అడిగితే అదే జవాబు, అదే గొంతుతో.

ఫోను బకెట్‌లో వేసింది. బియ్యంలో పెట్టమంటున్నారు.

వద్దు. తవుడు ధూళి ఛార్జింగు రంధ్రంలోకి పోతుంది. స్విచ్చాఫ్ చేసి, సిమ్ము తీసి, రంధ్రం కిందికి ఉండేలా ఫ్యాను గాలికి నిలబెట్టండి. ఒక రోజంతా ఛార్జింగు పెట్టకండి.

దాగుడుమూతలాటలో కళ్ళు మూసుకుని నిలబడి "నేను లేను" అంటుంది.

తనకి మీరు కనపడకపోతే మీకూ తను కనపడదనుకుంటుంది. వెతకండి, పాపం. తలుపు వెనక, తెర వెనక, మంచం కింద, ఇవే దాక్కునే చోట్లని ముందే ఒప్పుకోండి. ట్రంకుపెట్టె, బీరువా, పాత ఫ్రిజ్జు, కారు ఎప్పుడూ తాళం వేసి ఉండాలి.

చెప్పులు ఎప్పుడూ తారుమారుగానే వేసుకుంటాడు.

ఒక బొమ్మ స్టిక్కరుని మధ్యకి కత్తిరించి, సగం ఎడమ చెప్పులో, సగం కుడి చెప్పులో లోపలి అంచున అంటించండి. రెండూ పక్కపక్కన పెడితే బొమ్మ కలవాలి. వారంలో వాడే కలుపుకుంటాడు.